కత్తిని కాదు, భుజాన్ని చూడు

మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకు నా తల తెగి, రెండు రాతి మెట్లు దొర్లి, గోడ మూలన ఆగింది. తెగ్గొట్టినవాడు నిలువెల్లా ఇనుము తొడుక్కున్న యోధుడు; వాడి చేతిలో దాదాపు మనిషి ఎత్తున్న రెండు చేతుల కత్తి ఉంది. అయితే వాడు నన్ను బలంతో గెలవలేదు, వేగంతోనూ గెలవలేదు. కుడి భుజం మీదుగా కత్తి ఎత్తాడు. అది నా మెడ దగ్గరికి ఎప్పుడు వస్తుందో లెక్క వేసుకుని సరిగ్గా ఆ క్షణానికి నేను నా కత్తిని అడ్డం పెట్టాను. ఆ వేళకు వాడి కత్తి రాలేదు. నా అడ్డు దిగిపోయింది. అప్పుడు తీరికగా, ముహూర్తం దాటాక పెళ్లికి వచ్చిన చుట్టంలాగా, వచ్చింది. ఇదంతా ఒక్క సెకనులో ముగిసిపోయింది. ఆ సెకనులో వాడు ఒక అబద్ధం చెప్పాడు, నేను నమ్మాను. మోర్డ్‌హౌ అనే ఈ వీడియో గేమును నేను ఐదేళ్ల పైచిలుకుగా ఆడుతున్నాను. నా చావులు వేలల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇలా నమ్మి చచ్చినవే.

నేను విజయవాడలో ఒక వ్యాపార సంస్థకు లెక్కలు రాసే మనిషిని. వయసు నలభై నాలుగు. వీడియో గేములు కాలేజీ పిల్లల వ్యవహారమని చాలాకాలం నమ్మినవాణ్ణి. 2020లో కరోనా వల్ల హాస్టళ్లు మూతపడినప్పుడు మా అక్క కొడుకు కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి భోజనాలు అయ్యాక వాడి గదిలోంచి ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నట్టు, ఇనుము ఇనుముకు తగిలినట్టు, మధ్యమధ్య ఎవరో వీణలాంటిదేదో వాయిస్తున్నట్టు చప్పుళ్లు వచ్చేవి. ఒకరోజు మంచినీళ్లకని లేచి తలుపు తోసి చూస్తే తెర మీద ఒక కోట తగలబడుతోంది. "కూర్చో మామయ్యా, ఒక్క రౌండు ఆడి చూడు" అని వాడు కుర్చీ ఖాళీ చేశాడు. ఆ ఒక్క రౌండులో నేను పదిహేడుసార్లు చచ్చాను. వాటిలో రెండు చావులు నా సొంత పక్షంవాడి గొడ్డలి కిందనే, ఎందుకంటే ఈ ఆటలో మనవాడి ఆయుధం కూడా మనకు తగులుతుంది. మరొకసారి వెనక్కి జరగబోయి వంతెన మీదనుంచి పడిపోయాను. అన్నిసార్లు చచ్చినా మరునాడు ఆఫీసు పని చేసుకుంటున్నంతసేపూ నాకు ఆ పదిహేడు చావులే కళ్లముందు మెదిలాయి.

మా తరంవాళ్లకు కత్తియుద్ధం అనగానే ఒక చిత్రం మనసులో సిద్ధంగా ఉంటుంది. దూరదర్శన్‌లో వచ్చిన పాత జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లం. కత్తి కాంతారావు అన్న పేరులో కత్తి ఆయన ఇంటిపేరేమో అనుకున్నవాళ్లం. ఆ యుద్ధాల్లో కత్తికి కత్తి తగలడమే ముఖ్యం. ఖంగుమన్న శబ్దానికి లయ ఉంటుంది, మెట్లు దిగుతూ ఒక దెబ్బ, స్తంభం చుట్టూ తిరుగుతూ ఒక దెబ్బ, బల్ల మీదికి ఎగిరి ఒక దెబ్బ. మేమూ వేసవి సెలవుల్లో ఎండు కొబ్బరి మట్టలు చెక్కి కత్తులు చేసుకుని, ఎదుటివాడి మట్టకు మా మట్టను శ్రద్ధగా కొట్టేవాళ్లం. ఎదుటివాడిని కొడితే అమ్మ కొడుతుంది. మోర్డ్‌హౌలో మొదటి నెలంతా నేను చేసిన తప్పు అదే. నా కళ్లు ఎదుటివాడి కత్తిమొన వెంట తిరుగుతూ ఉండేవి, నా కత్తి ఆ కత్తిని వెతుక్కుంటూ పోయేది. ఎదుటివాడికి మాత్రం నా కత్తితో ఏ పనీ లేదు. వాడికి కావలసినది నా మెడ.

ఈ ఆట గురించి తెలియనివారికి కొంత చెప్పాలి. స్లొవేనియాకు చెందిన ట్రిటర్నియన్ అనే చిన్న బృందం 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర డబ్బు కూడగట్టి, 2019 ఏప్రిల్ 29న దీన్ని విడుదల చేసింది. దీనికి ముందు ఈ తోవలో నడిచిన ఆటలు ఉన్నాయి: టర్కీలోని అంకారాలో ఉన్న టేల్‌వరల్డ్స్ 2010లో తెచ్చిన మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్, టొరంటోలోని టోర్న్ బ్యానర్ 2012లో తెచ్చిన షివల్రీ. షివల్రీకి రెండో భాగం 2021లో వచ్చింది. అది చూడడానికి మరింత ముచ్చటగా ఉంటుంది, నేర్చుకోవడమూ సులువే, మా మేనల్లుడు ఇప్పుడు ఎక్కువగా దానిమీదే ఉంటాడు. నేను మాత్రం పాతదాన్ని వదలలేదు. మోర్డ్‌హౌలో 64 మంది రెండు పక్షాలుగా చీలి కొట్టుకునే పెద్ద యుద్ధాలు ఉన్నాయి, ఒకరితో ఒకరు తలపడే డ్యుయల్ సర్వర్లూ ఉన్నాయి. పెద్ద యుద్ధాలు తిరునాళ్లయితే డ్యుయల్ పరీక్ష గది. నన్ను పట్టుకున్నది రెండోదే.

ఇక్కడ ఒక్కొక్క దెబ్బకు మూడు భాగాలు ఉంటాయి. మొదట కత్తి ఎత్తడం, తరువాత కత్తి తిరగడం, చివరికి కత్తిని మళ్లీ దగ్గరికి తెచ్చుకోవడం. ఎత్తిన దెబ్బ ఎవరికీ తగలదు, అది ఒక ప్రకటన మాత్రమే. పొడవాటి కత్తికి ఈ ఎత్తడానికే సుమారు అర సెకను పడుతుంది. ఆ తరువాత కత్తి గాలిలో తిరుగుతున్నంతసేపూ అది దారిలో దేనికి తగిలితే దాన్ని కోస్తుంది. మౌస్‌ను ఏ వైపు కదిపి నొక్కితే దెబ్బ ఆ వైపు నుంచి వస్తుంది. చక్రాన్ని పైకి తిప్పితే పొడుపు, కిందికి తిప్పితే నడినెత్తి మీద దెబ్బ. అడ్డుకోవడానికి రైట్ క్లిక్ ఉంది. దీన్నే అందరూ పారీ అంటారు. పారీని నొక్కిపట్టి ఉంచడం కుదరదు. అది రెప్పపాటు మాత్రం నిలిచి దిగిపోతుంది, దిగిపోయాక మళ్లీ ఎత్తడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో మనిషి నిండు సంతలో జేబు తెరుచుకుని నిలబడినట్టే. మొత్తం ఆట ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. అడ్డు శాశ్వతంగా ఉండదు గనుక ఎదుటివాడి దెబ్బ ఎప్పుడు తగులుతుందో మనం ముందే తెలుసుకోవాలి. మనం తెలుసుకుంటామని వాడికి తెలుసు గనుక వాడు ఆ 'ఎప్పుడు'ను చెరిపేస్తాడు.

చెరిపే మార్గాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పాతది ఫెయింట్: కత్తి ఎత్తి, దెబ్బను మధ్యలో రద్దు చేసి, ఎదుటివాడు ఖాళీ గాలికి పారీ పెట్టగానే రెండో దెబ్బ వెయ్యడం. దానికంటే నాజూకైనది మార్ఫ్: పక్కనుంచి నరికేట్టు ఎత్తిన కత్తి, అదే ఊపులో, పొడుపుగా మారుతుంది. నా తల తీసుకుపోయిన విద్య పేరు డ్రాగ్. దెబ్బ మొదలయ్యాక నడుమును దెబ్బకు అవతలివైపు తిప్పుతూ పోతే కత్తిమొన మన శరీరానికి దూరంగా, చుట్టుదారిలో ప్రయాణించి ఆలస్యంగా చేరుతుంది. అదే నడుమును దెబ్బలోకి తిప్పితే అనుకున్నదానికంటే ముందే చేరుతుంది. దెబ్బ ఒకటే, ఎత్తిన తీరు ఒకటే, తగిలే వేళ మాత్రం వేసేవాడి ఇష్టం. మొదట్లో ఇది నాకు మోసంలా కనిపించి ఒళ్లు మండింది. కత్తి ఎత్తితే కొట్టాలి గాని, ఎత్తి, నడుము తిప్పి, ఊరంతా తిరిగి వచ్చి కొట్టడమేమిటని మా మేనల్లుడి మీద ఎగిరాను. వాడు నవ్వి, "కబడ్డీలో కుడికాలు చూపించి ఎడమచేత్తో తాకితే నువ్వే చప్పట్లు కొడతావుగా మామయ్యా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వాడే గురువయ్యాడు. రోజూ రాత్రి అరగంట, ఎవరూ లేని సర్వర్‌లో, వాడు కొట్టేవాడు, నేను అడ్డుకునేవాణ్ణి. నేను తిరిగి కొట్టకూడదన్నది వాడు పెట్టిన షరతు. వారం రోజులు ఇలా సాగాక ఒక రాత్రి వాడు తెర మీద వేలుపెట్టి చూపించాడు.

"నువ్వు ఎక్కడ చూస్తున్నావు?"

"కత్తిని."

"కత్తిని చూడకు. కత్తి అబద్ధాలకోరు. భుజాన్ని చూడు. నడుం ఎటు తిరుగుతోందో చూడు. దెబ్బ నిజమైతే భుజం ముందుకు పడుతుంది, ఫెయింటైతే ఆగిపోతుంది. డ్రాగ్ అయితే మనిషి నీకు ముఖం తిప్పేస్తాడు."

"అంతసేపు ఎలా చూస్తాన్రా? ఉన్నదే అర సెకను."

"నువ్వు అర సెకనుకే భయపడి ముందే నొక్కేస్తున్నావు. ఇంకాస్త ఆగు. చచ్చినా ఫర్వాలేదు, ఆలస్యంగా నొక్కి చచ్చిపో."

ఆలస్యంగా నొక్కి చావడం మొదలుపెట్టాను. అది చెప్పినంత తేలిక కాదు; మీదికి వస్తున్న ఇనుప ముక్కను చూస్తూ వేలిని కదపకుండా ఉంచడం శరీరానికి నచ్చని పని. మూడో వారంలో కాబోలు, వాడి పెద్దకత్తి నా కుడి చెవి వైపు వస్తోంది, వాడి నడుము మాత్రం అవతలికి తిరుగుతోంది. ఆ తిరగడం నాకు కనిపించింది. అంతకుముందు వందలసార్లు జరిగినా కనిపించనిది, ఆ ఒక్కసారి, ఎవరో దీపం పెట్టినట్టు కనిపించింది. నేను ఆగాను. కత్తి చుట్టు తిరిగి వచ్చాక అడ్డం పెట్టాను. ఖంగుమంది. చిన్నప్పటి సినిమాల్లో విన్న శబ్దమే అది. నా ముఖం చూసి వాడు ఆట ఆపేసి కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు.

పారీ తగిలాక మరొక లోకం తెరుచుకుంటుంది. అడ్డుకున్న వెంటనే వేసే ఎదురుదెబ్బను రిపోస్ట్ అంటారు. దాన్ని ఎత్తుతున్న దశలో ఎదుటివాడు మనల్ని కొట్టినా మన దెబ్బ ఆగదు. ఇంకా సాహసం ఉన్నవారికి చాంబర్ ఉంది: ఎదుటివాడు ఏ వైపునుంచి కొడుతున్నాడో గమనించి, అదే కోణంలో, సరిగ్గా వాడి దెబ్బ తగలబోయే వేళకు మనమూ దెబ్బ ఎత్తితే, ఆ ఎత్తడమే అడ్డుగా పనిచేసి మన దెబ్బ వాడి మీదికి పోతుంది. ఫెయింట్లతో బతికేవాడికి దీన్ని చూస్తే దడ. వాడు దెబ్బ రద్దుచేసే సమయానికి మనం పారీకి బదులు దెబ్బ ఎత్తి ఉంటాం మరి.

నా వృత్తికి దగ్గరగా ఉండి నాకు అందరికంటే ముందు అర్థమైన సంగతి ఒకటుంది, అదే స్టామినా, అంటే మన యోధుడిలో మిగిలిన దమ్ము. ప్రతి ఫెయింట్‌కూ కొంత ఖర్చు, ప్రతి మార్ఫ్‌కూ కొంత ఖర్చు, గురి తప్పిన ప్రతి దెబ్బకూ ఖర్చు, పారీకి కూడా ఎదుటివాడి ఆయుధం బరువును బట్టి ఖర్చు. దెబ్బ తగిలితే కొంత జమ. ఖాతా ఖాళీ అయినవాడు పారీ పెడితే కత్తి చేతిలోంచి ఎగిరి అవతల పడుతుంది, పిడికిళ్లతో నిలబడాలి. నాకంటే చేతివేగం ఎంతో ఎక్కువున్న కుర్రవాళ్లను నేను గెలిచిన సందర్భాలన్నీ ఇలా వచ్చినవే. వాళ్లు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెడతారు, నేను అడుగు వెనక్కి వేస్తూ, అవసరమైనదానికే పారీ పెడుతూ, వాళ్ల దివాలా కోసం చూస్తూ ఉంటాను. ఇది వీరత్వం కాదని కొందరు చాట్‌లో రాస్తారు. నేను జవాబు రాయను.

ఇక ఆ పేరు సంగతి. మోర్డ్‌హౌ అనేది జర్మన్ మాట, హత్యాఘాతం అని అర్థం చెప్పుకోవచ్చు. కత్తిని పిడి దగ్గర కాకుండా అలుగు దగ్గర రెండు చేతులా పట్టుకుని, పిడినీ దాని అడ్డుకడ్డీనీ సుత్తిలా ఎదుటివాడి తలకు వెయ్యడమే ఆ విద్య. మొదట వినగానే ఇది ఎవరో గేము కోసం కల్పించిన వెర్రి అనుకున్నాను. కాదు. హాన్స్ టాల్‌హోఫర్ అనే జర్మన్ యుద్ధవిద్యా గురువు పదిహేనవ శతాబ్దంలో బొమ్మలతో చేయించిన పుస్తకాలు ఉన్నాయి. వాటిలో 1467 నాటిది మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది, పుటలన్నీ ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అందులో బిగుతు దుస్తుల్లో ఉన్న మనుషులు, ముఖంలో ఏ భావమూ లేకుండా, కత్తిని తలకిందులుగా పట్టుకుని ఒకరి నెత్తిమీద ఒకరు పిడితో మోదుకుంటూ కనిపిస్తారు. పలకలుగా అతికిన ఉక్కు కవచాన్ని కత్తి అంచు కొయ్యలేదు. కొయ్యలేనప్పుడు ఆ కత్తే సుత్తి కావాలి. అలుగును గట్టిగా, జారకుండా పట్టుకుంటే చెయ్యి తెగదు. ఆటలోనూ పొడవాటి కత్తి చేతిలో ఉన్నప్పుడు ఆర్ మీట నొక్కితే మన యోధుడు దాన్ని తిప్పి అలుగు పట్టుకుంటాడు. నిండు కవచం తొడుక్కున్నవాడి మీద అప్పుడు దెబ్బ బాగా పడుతుంది, గుడ్డ చొక్కావాడి మీదైతే మామూలు అంచే మేలు. ఆ పుస్తకం చూసిన రాత్రి నేను రెండు గంటలు వరుసగా పిడితోనే పోరాడాను. బాగా ఓడిపోయాను, ఎందుకంటే అలా పట్టుకున్నప్పుడు అందే దూరం తగ్గిపోతుంది.

అక్కడితో ఆగకుండా ఆ కాలపు కత్తుల గురించి చదవడం మొదలుపెట్టాను. పది కిలోల కత్తి అన్న మాట ఉత్త కట్టుకథ. రెండు చేతుల పొడవాటి కత్తి సాధారణంగా ఒకటింబావు నుంచి ఒకటిన్నర కిలోల మధ్య ఉండేది. ఆటలో నన్ను తరచుగా చంపే మెసర్ అనే ఒంటి అంచు ఆయుధం పేరుకు జర్మన్‌లో అర్థం చాకు. వంటింటి చాకునూ యుద్ధపు ఆయుధాన్నీ ఒకే మాటతో పిలవడం మనకు కొత్త కాదు గదా, మనకూ రెండూ కత్తులే. అన్నిటికంటే నన్ను కట్టిపడేసినది యోహానెస్ లిక్టెనావర్ అనే పధ్నాలుగవ శతాబ్దపు గురువు పేరున నిలిచిన పద్యాలు. ఆయన తన విద్యను అంత్యప్రాసలున్న చిన్న చిన్న చరణాలుగా, బయటివాడికి అర్థం కాకుండా, బిగించి చెప్పాడు. తరువాతి శతాబ్దంలో ఆ పరంపరలోనివారు వాటికి వ్యాఖ్యానాలు రాశారు. సూత్రమూ, దానికి భాష్యమూ అన్న పద్ధతి మన శాస్త్రగ్రంథాలు చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది. ఆ పరంపరలో ఐదు మాటలకు ప్రత్యేకమైన స్థానం ఉంది: ముందు, తరువాత, బలహీనం, బలం, అంతలోనే. ఐదింట మూడు కాలానికి సంబంధించినవే. ఎదుటివాడు వెయ్యకముందే వేసి వాడిని అడ్డుకోవడంలో ఉంచడం 'ముందు', వాడి దెబ్బకు జవాబుగా కదలడం 'తరువాత', ఆ రెంటి మధ్య దొరికే సందు 'అంతలోనే'. మా మేనల్లుడు తెర మీద వేలు పెట్టి చెప్పినది దీనికి దూరమైన సంగతి కాదు. కొట్టినట్టు నటించి వేరేచోట కొట్టడానికి కూడా ఆ విద్యలో ఒక పేరూ ఒక పాఠమూ ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక ఫెయింట్ మోసమని మళ్లీ నేను అనలేదు.

అయితే ఆ పుస్తకాల్లో ఉన్నదీ ఆటలో లేనిదీ ఒకటి ఉంది. నిజమైన కత్తులు తగిలాక ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. ఎదుటివాడు గట్టిగా నెడుతున్నాడా, మెత్తగా వదులుతున్నాడా అన్నది చేతికి తెలుస్తుంది. ఆ గురువులు స్పర్శతో గ్రహించడాన్ని చాలా పెద్ద విద్యగా చెప్పారు. బలం, బలహీనం అన్న మాటలు అందుకే ఉన్నాయి. మౌస్ తిరిగి నెట్టదు. అది నా చేతిలో ఒక ప్లాస్టిక్ ముక్క. ఎదుటి కత్తి బరువు దానికి చేరదు. కాబట్టి మోర్డ్‌హౌ ఆ లోటునంతా కంటి మీద వేసింది. చేతితో తెలుసుకోవలసినది కంటితో తెలుసుకోవాలి గనుకనే డ్రాగులూ ఫెయింట్లూ ఇక్కడ అసలు యుద్ధంలో ఉండగలిగినదానికంటే ఎక్కువైపోయాయని నా అభిప్రాయం. ఇది ఆటను తక్కువ చేసే మాట కాదు. చదరంగంలో ఏనుగులు నిజం ఏనుగుల్లా నడవవు.

కంటికి కూడా ఒక శత్రువు ఉంది, దాని పేరు పింగ్. నేను కొట్టిన దెబ్బ సర్వర్‌కు చేరి, అక్కడినుంచి జవాబు తిరిగి రావడానికి పట్టే కాలమది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి నేను ఎక్కే సర్వర్ ఉన్న సింగపూర్‌కు గీత గీసినట్టు పోయినా 3,000 కిలోమీటర్లు. రాను పోను 6,000. అంటే వెలుగుకే 30 మిల్లీసెకన్లు కావాలి. తీగ గీత గీసినట్టు పోదు గనుక, చెన్నై తీరంలో సముద్రంలోకి దిగి ఎక్కడెక్కడో మళ్లుకుంటూ పోతుంది గనుక, నాకు మంచి రాత్రుల్లో 60 నుంచి 70 వస్తుంది. జర్మనీలో ఉన్న సర్వర్ ఎక్కితే 160 దాటుతుంది. వినడానికి చిన్న సంఖ్యలే. అర సెకనులో ముగిసే అబద్ధాన్ని పట్టుకోవలసినవాడికి 160 మిల్లీసెకన్లంటే ఆస్తిలో మూడోవంతు పోయినట్టు. మొదటి రెండేళ్లు నేను ప్రతి ఓటమికీ పింగ్‌నే తిట్టాను. "పింగ్ ఎక్కువగా ఉందిరా" అన్న మాట మా ఇంట్లో ఎంతగా పాతబడిందంటే, కూరలో ఉప్పు ఎక్కువైందని నేను అంటే మా ఆవిడ "పింగ్ అయ్యుంటుంది" అనడం మొదలుపెట్టింది.

ఆవిడకు ఈ ఆటలో నచ్చేది ఒక్కటే, ల్యూట్ అనే వీణలాంటి వాయిద్యం. డ్యుయళ్లతో విసిగినప్పుడు నేను 64 మంది యుద్ధంలోకి పోతాను. అక్కడ గ్రాడ్ అనే కోట ఉంది. ఆ మాటకు స్లొవేనియన్‌లో అర్థమే కోట. ఒకవైపు గుర్రాలు, గోడల మీదనుంచి బాణాలు, ఎవడో విసిరిన నిప్పుకుండ వల్ల మెట్ల మీద మంట, ఆ మంటలో ఒకే ద్వారం దగ్గర ఇరవైమంది ఇరుక్కుని ఎవరిని కొడుతున్నారో తెలియకుండా కొట్టుకోవడం. సీ మీట నొక్కితే మన యోధుడు గొంతు చించుకుని అరుస్తాడు. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు, అయినా అందరూ పరుగెడుతూ ఆపకుండా నొక్కుతూనే ఉంటారు. ఆ గందరగోళం మధ్యలో, వెనక వరుసలో, కవచం లేకుండా చినిగిన బట్టలతో ఒకడు నిలబడి ల్యూట్ వాయిస్తూ ఉంటాడు. ఒకసారి నలుగురు చేరి కచేరీ పెట్టారు. శత్రుపక్షంవాడు ఒకడు గొడ్డలి ఎత్తుకుని వచ్చి, కాసేపు నిలబడి విని, వెళ్లిపోయాడు. రెండోవాడు వచ్చి నలుగురినీ నరికాడు. పెనం పట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. ఉక్కు కవచంవాడు పెనం దెబ్బకు పడిపోతే చచ్చినవాడు కూడా చాట్‌లో నవ్వుతాడు.

చాట్‌లో అన్నీ నవ్వులే ఉండవు. పేరు చూసి, దేశం చూసి బూతులు రాసేవాళ్లు తగులుతారు. నేను పెద్ద సర్వర్లలో చాట్ కట్టేసి ఆడతాను. ఆటకు ఏ లోటూ రాలేదు. విలుకాళ్లంటే మాత్రం నాకు ఇప్పటికీ పడదు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాన్ని ఒకరు చూసుకుంటూ ఉండగా మూడోవాడెవడో మిద్దె మీదనుంచి బాణం వెయ్యడం ఏ కాలంలోనైనా పెద్దమనిషి తరహా కాదు.

డ్యుయల్ సర్వర్లలో మర్యాద వేరు. అక్కడ దగ్గరికి వచ్చినవాడు వెంటనే కొట్టడు. ఎదురుగా నిలబడి కత్తిని ఒకసారి గాలిలో తిప్పి చూపిస్తాడు. మనమూ తిప్పితే ఒప్పుకున్నట్టు. పక్కన పది జంటలు కొట్టుకుంటున్నా ఎవరూ ఎవరి జోలికీ రారు. ఓడినవాడు తిరిగి వచ్చి మళ్లీ కత్తి తిప్పుతాడు. ఒకే మనిషితో నేను ఒక రాత్రి నలభై పోరాటాలు చేశాను. ఏ దేశంవాడో తెలియదు, ఒక్క మాటా మాట్లాడుకోలేదు. కాని పదిహేనో పోరాటానికి వాడు ఎడమవైపు నుంచి ఎత్తితే చాలావరకు ఫెయింటే అని నాకు తెలిసింది; ఇరవయ్యోదానికి అది నాకు తెలిసిందని వాడికి తెలిసింది; అక్కడినుంచి ఎడమ దెబ్బలు నిజమవడం మొదలైంది. ముప్ఫైకి వచ్చేసరికి వాడు వేసే అడుగును బట్టి వాడి మనసులో ఏముందో చెప్పగలిగే స్థితిలో ఉన్నాననుకున్నాను. తరువాతి పది వాడే గెలిచాడు.

మా మేనల్లుడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. నెలకు ఒకటి రెండుసార్లు, శనివారం రాత్రి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇద్దరం ఒకే సర్వర్ ఎక్కుతాం. ఐదేళ్లలో నేను వాడి మీద గెలిచిన పోరాటాలు లేకపోలేదు, కాని అవన్నీ వాడి స్టామినా అయిపోయి గెలిచినవి. దొంగలెక్కతో గెలిచినట్టేనని వాడి ఉద్దేశం. మొన్న శనివారం, ఆ మెట్ల మీద నా తల పోయాక, "రా, మనిద్దరం ఆడదాం" అన్నాడు. చెరొక పొడవాటి కత్తి తీసుకున్నాం. వాడు ఎడమనుంచి ఒక ఫెయింట్ వేశాడు, నేను కదలలేదు. పొడుపు వేశాడు, అడ్డుకున్నాను. రిపోస్ట్ వెయ్యడానికి కుడినుంచి ఎత్తాను. వాడు పారీకి సిద్ధంగా ఉన్నాడని వాడి భుజమే చెప్పింది. ఎత్తిన కత్తిని అలాగే ఉంచి నడుము అవతలికి తిప్పాను, ఇంకాస్త తిప్పాను, తెర మీద వాడు దాదాపు కనబడకుండా పోయాడు. వాడి పారీ లేచి దిగిపోయిన చప్పుడు వినిపించింది. అప్పుడు నా కత్తి తీరికగా వాడి మెడ దగ్గరికి చేరింది.

హెడ్‌ఫోన్లలో కాసేపు ఏ శబ్దమూ రాలేదు.

"నాకు ఇవాళ పింగ్ ఎక్కువగా ఉంది మామయ్యా" అన్నాడు.